టోకెన్ వలయము: తీగల కొలత, రద్దీ లెక్క

ఒంటి పట్టాల మార్గముపై రెండు రైళ్లు ఎదురెదురుగా రాకుండ కాపాడుట ఎట్లు? మన దేశపు రైల్వేలలో దీనికొక చక్కని ఉపాయము చిరకాలము వాడుకలో నుండెను. ఇరుగుపొరుగు స్టేషనులలోని రెండు యంత్రములను తీగతో ముడివేసి, ఒక సమయమున ఒక్క లోహపు గుండు మాత్రమే బయటికి వచ్చునట్లు ఏర్పాటు చేసెడివారు. ఆ గుండును తోలుసంచిలో నుంచి, బెత్తపు చట్రమునకు తగిలించి, డ్రైవరున కందించెడివారు. గుండు చేతనున్న బండి ముందుకు సాగును. లేని బండి స్టేషనులో ఆగును. ఈ గుండునకే టోకెను అని పేరు. దారి ఒక్కటే, పోవలసినవారు పలువురు అయినప్పుడు, దారిపై హక్కును ఒక గుర్తుగా చేసి చేతులు మార్చుట ఈ పద్ధతిలోని కీలకము.

కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు విద్యలో కూడ ఇదే కీలకముపై నిర్మింపబడిన పద్ధతి యొకటి కలదు. దానిని టోకెన్ రింగ్ అందురు; మనము టోకెన్ వలయము అనుకొందము. 1985 తరువాత సుమారు పదునైదేండ్లు అమెరికా, ఐరోపా దేశముల బ్యాంకులలోను, పెద్ద కార్యాలయములలోను కంప్యూటర్లు ఈ వలయములపై మాటలాడుకొనినవి. నేడు క్రొత్త భవనములలో దీనిని వేయుట లేదు. అయినను దీనిని వేయుటకు ముందు ఇంజనీరులు కాగితముపై వేసిన లెక్కలు రెండు నేటికిని నేర్వదగినవి. మొదటిది, తీగ ఎంత పొడవుండవచ్చును అను లెక్క. రెండవది, ఆ తీగ ఎంత రద్దీకి తట్టుకొనును అను లెక్క. అన్నియు సవ్యముగా నున్న దినమును విడిచి, అన్నిటికంటె కష్టమైన ఘడియనే ఈ రెండు లెక్కలును కొలతగా తీసికొనును. విచిత్ర మేమనగా, తీగకు కష్టమైన ఘడియ వేరు, రద్దీకి కష్టమైన ఘడియ వేరు. ఆ ఘడియ లేవియో చూతము.

టోకెను చేతనున్న వానికే మాట

వలయములో ప్రతి కంప్యూటరునకు ముందొక పొరుగు, వెనుకొక పొరుగు ఉండును. సంకేతము ఎల్లప్పుడు ఒకే దిక్కున తిరుగును. వెనుకటి పొరుగు నుండి వచ్చిన ప్రతి బిట్టును కంప్యూటరు గ్రహించి, దారిలో బలహీనపడిన సంకేతమును తిరిగి బలపరచి, ముందరి పొరుగున కందించును. బిట్టు అనగా 0 గాని 1 గాని తెలుపు అతి చిన్న సమాచారము. 8 బిట్లు ఒక బైటు.

ఎవ్వరును మాటలాడనప్పుడు వలయముపై 24 బిట్ల టోకెను ఒక్కటే ఆగక తిరుగుచుండును. చెప్పవలసిన మాట గల కంప్యూటరు టోకెను తన యొద్దకు వచ్చువరకు వేచియుండి, అందులోని ఒక బిట్టును 0 నుండి 1కి మార్చును. అంతటితో అది టోకెను కాకపోయి, సందేశమునకు తలభాగ మగును. దాని వెనుక చేరవలసిన యంత్రపు చిరునామా, పంపిన యంత్రపు చిరునామా, విషయము, తప్పులు పట్టు సంఖ్య వరుసగా నడచును. ఈ కట్టను ఫ్రేము అందురు. చేరవలసిన కంప్యూటరు దానికి నకలు తీసికొని, అందినట్లు చివర గుర్తు పెట్టి ముందుకు పంపును. ఫ్రేము వలయమంతయు తిరిగి పంపిన యంత్రము యొద్దకే వచ్చును. అది ఆ ఫ్రేమును తొలగించి, క్రొత్త టోకెనును విడుచును.

ఇందులో ఒక చిక్కు కలదు. మొదటి టోకెన్ వలయములు సెకండునకు 40 లక్షల బిట్లు, అనగా 4 మెగాబిట్ల వేగముతో పనిచేసినవి. ఒక బిట్టునకు పట్టు కాలము సెకండులో 40 లక్షల వంతు. రాగి తీగలో సంకేతము సెకండునకు సుమారు 20 కోట్ల మీటర్లు పోవును. కావున తీగపై ఒక బిట్టు పొడవు సుమారు 50 మీటర్లు. 24 బిట్ల టోకెను పొడవు 1,200 మీటర్లు! వలయము చుట్టుకొలత 500 మీటర్లే అయినచో టోకెను తల తన తోకనే తాకును. ఈ చిక్కును తీర్చుటకు, వలయములోని కంప్యూటర్లలో నొకటి కాపరిగా నియమింపబడును. అది తన జ్ఞాపకశక్తిలో 24 బిట్లు నిలిపి ఉంచి, వలయమునకు లేని పొడవును కల్పించును. టోకెను పోయినచో క్రొత్త దానిని పుట్టించుట, పంపినవాడు ఆరిపోగా దిక్కులేక తిరుగు ఫ్రేమును తొలగించుట కూడ కాపరి పనులే. కాపరి యంత్రము ఆరిపోయినచో మిగిలినవి తమలో నొకదానిని కాపరిగా ఎన్నుకొనును.

వలయము నక్షత్రమైన విధము

టోకెను పద్ధతి గల వలయమును గూర్చి 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫార్మర్, న్యూహాల్ అనువారు ప్రకటించిరి. కాని అట్టి వలయమునకు ఒక లోపముండెను. పెండ్లి పందిరికి కట్టు చిన్న దీపముల దండలో ఒక దీపము మాడినచో దండ అంతయు ఆరిపోవుటను మనము చూచి యుందుము. అట్లే వలయములో ఒక్క కంప్యూటరు ఆరినను, ఒక్కచోట తీగ తెగినను అందరి పనియు ఆగిపోవును. తెగినది ఎక్కడో కనుగొనుటకు భవనమంతయు వెదకవలెను.

1970ల చివర మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో జెరోమ్ సాల్ట్‌జర్, పోగ్రాన్ అనువారు దీనికి విరుగుడు చూపిరి. వలయమును గది గదికి త్రిప్పక, ప్రతి గది నుండియు తీగను ఒక మధ్యస్థానమునకు తెచ్చి, అక్కడ లోలోపల వలయముగా కలుపవలెను. చూచుటకు అది నక్షత్రము. విద్యుత్ మార్గమున అది వలయమే. స్విట్జర్లాండులోని జ్యూరిక్ దగ్గర ఐ.బి.ఎం. సంస్థవారి పరిశోధనాలయములో జరిగిన కృషి కూడ ఇదే త్రోవను నడచెను. ఐ.బి.ఎం. వారు 1984లో ముందుగా భవనములకు తీగలు వేయు పద్ధతిని, 1985లో టోకెన్ వలయమును ప్రకటించిరి. అమెరికా ఇంజనీరుల సంఘమగు ఐ.ఇ.ఇ.ఇ. దీనికి 802.5 అను సంఖ్యతో ప్రమాణము నేర్పరచెను. యంత్రముకంటె ముందు తీగను విపణికి తెచ్చుట గమనింపదగినది. యంత్రమును మార్చుట ఒక దినపు పని; గోడలలోని తీగను మార్చుట భవనమును త్రవ్వు పని.

మధ్యస్థానమున నుండు పెట్టెను మనము కూడలి పెట్టె అందము. ఐ.బి.ఎం. వారి తొలి కూడలి పెట్టెకు 8228 అని సంఖ్య. దానికి 10 రంధ్రములు. ఎనిమిదింటికి ఎనిమిది కంప్యూటర్ల కొమ్మ తీగలు తగిలించవచ్చును. మిగిలిన రెండును ప్రక్క పెట్టెలతో కలుపు ప్రధాన తీగలకు. ప్రతి కంప్యూటరు రంధ్రము వెనుక ఒక రిలే, అనగా విద్యుత్తుచే కదలు తలుపు వంటి మీట ఉండును. కంప్యూటరు వెలిగి, తన కొమ్మ తీగను తానే పరీక్షించుకొని, బాగుగ నున్నదని తేలినపిదప, సుమారు 5 వోల్టుల ఏకముఖ విద్యుత్తును సంకేతము నడచు తీగలపైననే పంపును. ఆ విద్యుత్తు రిలేను లాగి, కంప్యూటరును వలయములో చేర్చును. కంప్యూటరు ఆరిన వెంటనే రిలే వెనుకకు జారి, ఆ కొమ్మను విడిచి వలయమును మూసివేయును. ఈ పెట్టెకు వేరుగా విద్యుత్ సరఫరా అక్కరలేదు. తాను లేకున్నను తక్కినవారికి దారి మూయకుండుట ఈ చిన్న మీట చేసిన మేలు.

తీగల రకములు

సంకేతము తీగలో పోవుకొలది క్షీణించును. తీగ సన్నగిలినకొద్దియు, సంకేతపు వేగము హెచ్చినకొద్దియు ఈ క్షీణత హెచ్చును. రెండు తీగలను మెలివేసినచో బయటి విద్యుత్ అలజడి రెండింటిపై సమానముగా పడి, చాలవరకు రద్దగును. మెలిక చుట్టును లోహపు తొడుగు వేసినచో రక్షణ ఇంకను హెచ్చును.

ఐ.బి.ఎం. పద్ధతిలో ఒకటవ రకపు కేబులులో సుమారు 0.64 మిల్లీమీటరు మందము గల గట్టి రాగి తీగలు రెండు జతలు, వాటికి లోహపు తొడుగు ఉండును. ఒక జత పోవుటకు, ఒక జత వచ్చుటకు. మూడవ రకము తొడుగులేని మెలిక తీగ, అనగా టెలిఫోను తీగ వంటిది. దీని ఖరీదు తక్కువ. చాల భవనములలో అది వరకే ఉండెడిది. ఐదవ రకము గాజు తంతువు. ఆరవ రకము సన్నని పోగులతో అల్లిన మెత్తని కేబులు. బల్లకును గోడకును నడుమ వంగుచుండుటకు అనువైనది. ఎనిమిదవ రకము తివాచీ క్రింద పరచుటకు తగిన బల్లపరుపు కేబులు.

మెత్తనిదానికి వెల కలదు. ఆరవ రకములో సంకేతము త్వరగా క్షీణించును. లెక్కలో 30 మీటర్ల ఆరవ రకమును 40 మీటర్ల ఒకటవ రకముగా ఎంచవలెను. ఎనిమిదవ రకము ఒక మీటరు రెండు మీటర్ల క్రింద లెక్క. అందుచే ఇంజనీరు మొదట అన్ని తీగలను ఒకటవ రకపు మీటర్లలోనికి మార్చుకొనును. వేర్వేరు భిన్నములను కూడుటకు ముందు సమాన హారములోనికి తెచ్చుకొనుట వంటిదే ఇది.

తెగిననాటి కొలత

ఇప్పుడు ముఖ్యమైన లెక్కకు వత్తము. ఒక భవనములో నాలుగు కూడలి గదులున్నవనుకొందము. వాటిని వలయముగా కలుపు ప్రధాన తీగలు 60, 45, 30, 75 మీటర్లు. మొత్తము 210 మీటర్లు. కూడలి గది నుండి కంప్యూటరునకు పోవు కొమ్మ తీగలలో అతి పొడవైనది 80 మీటర్లు.

సంకేతము ఎంత దూరము సాయము లేకుండ పోవలెను? ప్రతి కంప్యూటరు సంకేతమును తిరిగి బలపరచునని చెప్పితిమి గదా. 40 కంప్యూటర్లు వెలుగుచున్నప్పుడు సంకేతమునకు అడుగడుగున విడిది దొరకును. కాని ఉదయమున కార్యాలయమునకు అందరికంటె ముందు వచ్చిన ఉద్యోగి తన యంత్ర మొక్కటే వెలిగించినచో? తక్కిన 39 రిలేలు మూసికొని యున్నవి. ఆ ఒక్క యంత్రపు సంకేతము తన కొమ్మ తీగలో 80 మీటర్లు పోయి, ప్రధాన వలయము 210 మీటర్లు చుట్టి, మరల 80 మీటర్లు దాటి తన యొద్దకు తానే రావలెను. మొత్తము 370 మీటర్లు. తీగకు కష్టమైన ఘడియ, జనము లేని ఘడియయే.

ఇంతతో కాలేదు. ప్రధాన తీగ యొకటి తెగినదనుకొందము. తెగినచోటికి దిగువనున్న మొదటి యంత్రము, తనకు సంకేతము రాలేదని, తన ఎగువ పొరుగు ఫలానా అని ఎడతెగక చాటును. ఆ చాటింపు చేత తప్పు ఏ ఇద్దరి నడుమ నున్నదో తెలియును. అప్పుడు ఆ తీగను రెండు చివరలను పెట్టెల నుండి ఊడదీసినచో చాలును. ఊడదీసిన వెంటనే రంధ్రములోని లోహపు రేకులు తమంతట తాము తాకుకొని, ప్రధాన తీగలలో అంతవరకు ఊరక యున్న రెండవ జతను వాడుకలోనికి తెచ్చును. సంకేతము తెగినచోటు వరకు పోయి, వచ్చిన త్రోవనే రెండవ జతపై మరలి, అవతలి కొన వరకు పోయి తిరిగి వచ్చును. వలయము మరల పూర్తియగును. తరువాత వచ్చిన కొన్ని పెట్టెలు, తమకు వేరు విద్యుత్ సరఫరా ఉండుటచే, ఈ పనిని మనుష్యుల సాయము లేకయే చేసినవి.

దీని మూల్యము దూరము. ఇప్పుడు మిగిలిన ప్రతి ప్రధాన తీగను సంకేతము రెండుసార్లు దాటవలెను. 75 మీటర్ల తీగ తెగినదనుకొందము. మిగిలినవి 135 మీటర్లు, రెండింతలు 270, కొమ్మ తీగ రాకపోకలు 160, మొత్తము 430 మీటర్లు. 30 మీటర్ల తీగ తెగినచో? మిగిలినవి 180, రెండింతలు 360, కొమ్మతో కలిసి 520 మీటర్లు. పొడవైన తీగ తెగుట కంటె పొట్టి తీగ తెగుటయే ఎక్కువ కష్టమన్నమాట! మొదట వినువారికి ఇది విపరీతముగా తోచును. పొట్టి తీగ తెగినచో పొడవైన తీగలన్నియు మిగిలిపోవును. వాటినన్నిటిని రెండుమారులు నడువవలెను గనుక ఇట్లగుచున్నది.

బీజగణితములో వ్రాసినచో ఇది యింకను తేట. ప్రధాన తీగల మొత్తము మ, వాటిలో అతి పొట్టిది ప, అతి పొడవైన కొమ్మ క అయినచో, వలయము చెక్కుచెదరనప్పటి దూరము మ + 2క. అతి కష్టమైన తెగుడునాటి దూరము 2(మ − ప) + 2క. ఇందు మ − ప అను దానిని సవరించిన వలయపు పొడవు అందురు. మన భవనములో అది 180 మీటర్లు. దానికి కొమ్మ పొడవు చేర్చగా 260. ఈ 260 అను సంఖ్య ఆ తీగ రకమునకు, కూడలి పెట్టెల సంఖ్యకు నిర్ణయించిన హద్దు లోపల నుండవలెను. ప్రతి పెట్టెయు, ప్రతి అతుకును కొంత సంకేతమును మ్రింగును గాన, పెట్టెలు పెరిగినకొద్ది హద్దు తగ్గునట్లు పట్టికలు తయారుచేసిరి. హద్దు దాటినచో ప్రధాన తీగ నడుమ సంకేతమును బలపరచు యంత్రమును ఉంచవలెను. లేదా గాజు తంతువు వేయవలెను. కొమ్మ తీగకు సాధారణ నియమము, ఒకటవ రకమైనచో 100 మీటర్లు, టెలిఫోను రకమైనచో 45 మీటర్లు.

ఈ లెక్క వేయక, వలయము మూసికొన్నది చాలునని తృప్తిపడినవారి సంగతి ఏమి? 370 మీటర్లకు చాలిన తీగ అన్ని దినములును చక్కగా పనిచేయును. తెగిన దినమున, విడి జత ఆదుకొనవలసిన ఆ ఒక్క దినమున, 520 మీటర్లకు చాలక మొరాయించును. ఆపదకు వేసిన తీగ ఆపదలోనే అక్కరకు రాదు.

ఎన్ని యంత్రములు?

ఐ.ఇ.ఇ.ఇ. ప్రమాణము ఒక వలయమునకు 250 యంత్రములు హద్దుగా చెప్పెను. ఐ.బి.ఎం. వారు తొడుగు గల తీగపై 260, తొడుగు లేని తీగపై 72 అనిరి. ఈ హద్దు ఎందుచేత వచ్చినది? ప్రతి యంత్రమును వచ్చిన సంకేతములోని ఎగుడుదిగుడులను చూచియే కాలమును తెలిసికొని, ఆ తాళమునకే తాను పలుకును. తీగలో ఆకారము చెదరిన సంకేతము నుండి తాళము తీయుటలో రవంత తప్పు జరుగును. ఆ తప్పును తరువాతి యంత్రము తనదానితో కలిపి ముందుకు పంపును. నోటి మాట చెవి చెవికి మారినకొద్ది మారిపోవునట్లు, తాళపు తప్పు యంత్రము యంత్రమునకు పేరుకొనును. కాపరి యంత్రము కొంతవరకు దానిని సర్దును. అంతకు మించినచో బిట్లు జారిపోవును. తొడుగు లేని తీగలో ఆకారము ఎక్కువ చెదరును. అందుచే హద్దు 72. ఇక్కడ కష్టమైన ఘడియ అన్ని యంత్రములును వెలుగు ఘడియ.

రద్దీ లెక్క

రద్దీకిని కష్టమైన ఘడియ అదియే: అందరును ఒకేమారు మాటలాడగోరు ఘడియ. 40 యంత్రములున్నవి. ప్రతిదానికిని 1,000 బైట్ల విషయము పంపవలసి యున్నది. చిరునామాలు మొదలగునవి 21 బైట్లు చేరగా ఫ్రేము 1,021 బైట్లు, అనగా 8,168 బిట్లు. 4 మెగాబిట్ల వేగమున దీనికి పట్టు కాలము 2.04 మిల్లీసెకండ్లు. అందరికంటె చివర టోకెను దొరకు యంత్రము తనకు ముందు 39 ఫ్రేములు పోవువరకు ఆగవలెను. అది సుమారు 80 మిల్లీసెకండ్లు. టోకెను ఒక చుట్టు తిరుగుటకు పట్టు కాలము దీని ముందు లెక్కకు రాదు.

అందరును అతి పెద్ద ఫ్రేమునే పంపినచో? 4 మెగాబిట్ల వలయములో అతి పెద్ద ఫ్రేము 4,550 బైట్లు, దానికి 9.1 మిల్లీసెకండ్లు. 39 యంత్రములకు 355 మిల్లీసెకండ్లు. ఒక్కొక్కరు ఒక్కొక్క ఫ్రేము పంపి టోకెనును విడుచునంతవరకు, నిరీక్షణ ఇంతకు మించదని ముందే చెప్పవచ్చును. ఈ హామీయే టోకెన్ వలయమునకు పేరు తెచ్చినది. తొందర గల పనులకు టోకెనులోనే 8 తరగతుల ప్రాధాన్యము కలదు.

1980ల చివర 16 మెగాబిట్ల వలయము వచ్చెను. అందులో, పంపిన ఫ్రేము తిరిగి వచ్చువరకు ఆగక, చివరి బిట్టు పంపిన వెంటనే టోకెనును విడుచు సవరణ చేసిరి. ఫ్రేము హద్దును 18,200 బైట్లకు పెంచిరి. అట్టి ఫ్రేమునకు 16 మెగాబిట్ల వేగమున పట్టు కాలమెంత? మరల 9.1 మిల్లీసెకండ్లే! వేగము నాలుగింతలైనను, అందరును మూటలను నాలుగింతలు చేసికొన్నచో అతి కష్టమైన నిరీక్షణ తగ్గదు.

సగటు లెక్క దీనికి తోడుగా కావలెను. ఒక్కొక్క యంత్రము సగటున సెకండునకు 5 ఫ్రేములు పంపుననుకొందము. 40 యంత్రములకు 16.3 లక్షల బిట్లు. 4 మెగాబిట్లలో నూటికి 41 వంతులు. యంత్రములు 80 అయినచో నూటికి 82 వంతులు. ఇంకను 18 వంతులు ఖాళీయే గదా అని ధైర్యపడరాదు. వరుసలను గూర్చిన గణితములో ఒక సులభ సూత్రము కలదు: పని యెడతెగక క్రమము లేక వచ్చునప్పుడు, ఒక ఫ్రేము పూర్తియగుటకు పట్టు సగటు కాలము, ఖాళీ వలయముపై పట్టు కాలమునకు 1/(1 − రద్దీ) రెట్లుండును. రద్దీ 0.41 అయినచో 1.7 రెట్లు, 0.82 అయినచో 5.6 రెట్లు, 0.9 అయినచో 10 రెట్లు. జనము రెండింతలైనది, నిరీక్షణ మూడింతలు దాటినది. ఇది స్థూలమైన అంచనాయే అయినను, నిండుటకు ముందే ఉక్కిరిబిక్కిరి యగునని తెలుపుటకు చాలును. పైగా 80 యంత్రములు 72 అను హద్దును దాటినవి గావున టెలిఫోను తీగ ఇక పనికిరాదు. రద్దీ లెక్కయు తీగ లెక్కయు ఒకదానినొకటి ఇట్లు తాకుచుండును.

సగటు దాచిపెట్టు ఘడియలు కూడ కలవు. ఉదయము 9 గంటలకు 40 యంత్రములును ఒకేసారి వెలిగి, తమకు కావలసిన 5 లక్షల బైట్ల కార్యక్రమమును మధ్య యంత్రము నుండి కోరినవనుకొందము. మొత్తము 16 కోట్ల బిట్లు. 4 మెగాబిట్ల వలయముపై ఎంత లేదన్నను 40 సెకండ్లు. 16 మెగాబిట్లపై 10 సెకండ్లు. దినమంతయు ఖాళీగా నుండు వలయము ఆ నిమిషమున ఇరుకగును.

వలయమును విడదీయుట

80 యంత్రముల వలయమును 40 చొప్పున రెండుగా చేసి, నడుమ వంతెన అను యంత్రమును ఉంచవచ్చును. వంతెన అవతలికి పోవలసిన ఫ్రేములను మాత్రమే దాటించును. రద్దీ సగమగునా? ప్రతి వలయపు ఫ్రేములలో అయిదవ వంతు అవతలికి పోవునవి అయినచో, ఒక వలయముపై తన సొంతము 16.3 లక్షలు, అవతలి నుండి వచ్చినవి 3.3 లక్షలు; మొత్తము నూటికి 49 వంతులు. సగము అవతలికి పోవునవైనచో 61 వంతులు. అన్నియు అవతలికే పోవునవైనచో 82 వంతులు. వంతెన వలన లాభము సున్న. కావున ఎవరు ఎవరితో ఎక్కువ మాటలాడుదురో తెలిసికొని, వారిని ఒకే వలయములో నుంచవలెను. లెక్కల శాఖవారి దస్త్రములు గల యంత్రమును లెక్కల శాఖ వలయములోనే ఉంచుట, దానిని మేడ పైన అందముగ అమర్చుట కంటె మేలు. ఐ.బి.ఎం. పద్ధతిలో ఒక ఫ్రేము 7 వంతెనలకు మించి దాటరాదను నియమము కూడ ఉండెను.

తరువాతి కథ

ఇదే కాలమున ఈథర్నెట్ అను పద్ధతియు పెరుగుచుండెను. 1973లో జెరాక్స్ సంస్థ పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు దీనిని ప్రారంభించిరి. అందులో టోకెను లేదు. తీగ నిశ్శబ్దముగా నున్నప్పుడు ఎవరైన మాటలాడవచ్చును. ఇద్దరి మాటలు ఢీకొన్నచో ఇద్దరును ఆగి, తోచినంత సేపు వేచి, మరల ప్రయత్నింతురు. నిరీక్షణకు గట్టి హద్దు లేదు. రద్దీలో ఈథర్నెట్ కుప్పకూలునని టోకెన్ వలయపు పక్షమువారు అనుచుండిరి. 1988లో బాగ్స్, మొగుల్, కెంట్ అనువారు కొలతలు తీసి, ఆ భయము చాలవరకు అతిశయోక్తి యని చూపిరి.

ఈథర్నెట్ పరికరములు చౌకగా నుండెను. 1990లో అదియు టెలిఫోను తరహా మెలిక తీగపై, మధ్యస్థానము నుండి నక్షత్రాకారముగ నడచుట నేర్చెను. తరువాత స్విచ్ అను పెట్టె వచ్చి, ప్రతి యంత్రమునకు దాని తీగను దానికే ఇచ్చెను. దారి ఎవరిది వారికే అయినప్పుడు దారికై టోకెను ఎందులకు? 1995లో 100 మెగాబిట్ల ఈథర్నెట్ ప్రమాణము వచ్చెను. టోకెన్ వలయమునకు అంత వేగము 1998 వరకు ప్రమాణముగా రాలేదు. అప్పటికే కార్యాలయములు చేయి మార్చినవి.

కాని లెక్కలు మిగిలినవి. ప్రతి బల్ల నుండి తీగను ఒక కూడలి గదికి తెచ్చు అలవాటు నేటి భవనములలో స్థిరపడినది. ఊళ్లను కలుపు గాజు తంతువుల వలయములలో, తెగినచోటి నుండి మరలి రెండవ దిక్కున పోవు ఏర్పాటు నేటికిని కలదు. అందులో ఒక రకపు వలయములలో శక్తిలో సగమును తెగిన దినమునకై ఖాళీగా అట్టిపెట్టుదురు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. పాఠశాల ఆవరణ పటము గీయించి, ఐదు గదులను కూడలి గదులుగా ఎంచి, వాటి నడుమ దూరములను విద్యార్థులచే అడుగులతో కొలిపించి మీటర్లలోనికి మార్పింపవలెను. పిదప ఒక్కొక్క తీగ తెగినదనుకొని దూరమును లెక్కింపుమనవలెను. ఏ తీగ తెగినప్పుడు దూరము అత్యధికమో ముందుగా ఊహించి చెప్పుమన్నచో, ఎక్కువమంది పొడవైన తీగను చూపుదురు. లెక్క వేసినపిదప వారి చేతులు పొట్టి తీగ వైపు తిరుగును. చెఱువు కట్ట ఎత్తును ఎండకాలపు నీటిని చూచి నిర్ణయింపరాదని మన రైతులకు తెలియును. కట్టకు కొలత వరద. తీగకు కొలత ఒంటరి ఉదయమున తెగిన పొట్టి తీగ. రద్దీకి కొలత అందరును ఒక్కసారి నోరు విప్పు నిమిషము.